కలివిడిలో నాటకం

కలివిడి జనంలోకి వెళ్ళిన కొత్తలో దాన్ని వాడినవాళ్ళు ఇద్దరే. ఒకరు శ్రీపతి తోడల్లుడు, ఇంకొకరు ఇంద్రసేన మేనమామ కొడుకు. తోడల్లుడు "బాగుంది" అని ఒక్క ముక్క రాసి మళ్ళీ కనిపించలేదు. మేనమామ కొడుకు తన బైకు ఫొటో పెట్టి కింద "అమ్మకానికి కలదు" అని రాశాడు.

అది 2006 జూలై. హైదరాబాదులో, అబిడ్స్‌లోని చిరాగ్ అలీ లేన్‌లో, కళ్ళద్దాల షాపు పైన రెండు గదులు కిరాయికి తీసుకుని శ్రీపతి, ఇంద్రసేన అంతకుముందు ఏడాదిపాటు అదే పనిగా కూర్చున్నారు. ఇద్దరూ ఇంజనీరింగులో ఒకే బెంచీవాళ్ళు. శ్రీపతి తాతగారిది తెనాలి. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డప్పుడు సెక్రటేరియట్ ఉద్యోగంతో ఇక్కడికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంద్రసేనది బజార్‌ఘాట్, పుట్టిందీ పెరిగిందీ అక్కడే. పెద్ద కంపెనీల్లో ఉద్యోగాలు వదిలేసి ఇద్దరూ కలిసి తయారుచేసింది కలివిడి. ఒక పని మీద ఉన్న నలుగురు నాలుగు చోట్ల ఉన్నా సరే, ఇంటర్నెట్‌లో ఒకే పేజీ తెరుచుకుని ఎవరి పని ఎంతవరకు వచ్చిందో రాసుకోవచ్చు. ఒకరు మార్చి దాచగానే, అంటే సేవ్ చెయ్యగానే, అది మిగతావాళ్ళకి అప్పటికప్పుడే కనిపిస్తుంది. ఒకే ఫైలుని ఈమెయిల్లో అటూ ఇటూ తిప్పుకోనక్కర్లేదు. ఇప్పుడు వింటే ఇందులో వింతేముంది అనిపిస్తుంది గానీ, అప్పట్లో ఆ మాట చెబితే చాలామంది తెల్లమొహం వేసేవాళ్ళు.

అసలు చిక్కు అది కాదు. శ్రీపతికి మనుషులతో మాట్లాడాలంటే మొహమాటం. ఫోను మోగితే ఇంద్రసేన వైపు చూసేవాడు. ఇంద్రసేన ఎత్తితే అవతలివాళ్ళతో గొడవ పెట్టుకునేవాడు. "గంత తెల్వకపోతే ఎట్ల సార్, పైన రాసే ఉన్నది గద!" అని అతను ఒకాయనతో అన్న రోజున, మాట్లాడ్డానికి మూడో మనిషి కావాలని ఇద్దరికీ అర్థమైంది.

అలా వచ్చింది ఇవాంజెలిన్. మెదక్ అమ్మాయి. చాపెల్ రోడ్‌లో పిన్ని మాబెల్ దగ్గర ఉంటూ, నాంపల్లిలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేసింది.

"కంప్యూటర్ వచ్చా?" అని అడిగాడు శ్రీపతి, టేబుల్ వైపు చూస్తూ.

"వచ్చు సార్. గానీ నాకు ఇంకా మంచిగొచ్చేది వేరే ఉన్నది. పన్ను పీకించుకునేందుకు వచ్చినోళ్ళు లేచి ఉరుకకుండ కూసోబెడ్తుంటి."

ఇంద్రసేన పకపకా నవ్వాడు. "గీమెనే మనకు కావాల్సింది."

ఇవాంజెలిన్ కరపత్రాలు పట్టుకుని అబిడ్స్, గన్‌ఫౌండ్రీ, నాంపల్లి తిరిగింది. గన్‌ఫౌండ్రీలో ఒక ఆడిటరు గారు సరేనన్నారు. నాంపల్లి స్టేషన్ దగ్గర ట్రావెల్స్ నడిపే ఆయన కూడా సరేనన్నాడు. ఇద్దరి దగ్గరికీ వెళ్ళి ఎలా వాడాలో చూపించి వచ్చింది. ఆ తర్వాత వాళ్ళేమన్నారో సాయంత్రాలు శ్రీపతికి చెప్పేది.

"ఆడిటర్ సార్‌కు నచ్చింది సార్. గానీ ఆయన పన్నెండింటికి ఆఫీసుకొస్తున్నడని గుమాస్తాలకు కూడ కనబడుతున్నదంట. అది ఒక్కటి తీసేస్తరా అని అడుగుతున్నడు."

"అందరికీ కనిపించడం కోసమే కదా చేసింది!"

"ట్రావెల్స్ ఆయన పేజీల మంచిగ రాస్తున్నడు సార్. రాసినంక ఒక్కొక్క డ్రైవర్‌కు ఫోన్ చేసి, 'పేజీల రాసిన, చూస్కో' అంటున్నడు. డ్రైవర్లకు కంప్యూటర్ ఏడున్నది? మళ్ళ రాసిందంత ఫోన్‌ల చదివి వినిపిస్తున్నడు."

శ్రీపతి తల పట్టుకున్నాడు. "వాళ్ళకి వాడటం తెలియడం లేదమ్మా."

"మీరొక్కసారి మాట్లాడరాదుండ్రి సార్."

ఆ మాట అనగానే అతనికి చాయ్ తాగాలనిపించేది. కిందికి దిగి వెళ్ళిపోయేవాడు. అబిడ్స్ సర్కిల్ దాకా నడిచి, జీపీవో ముందు కాసేపు నిలబడి, జనాన్ని చూసి వెనక్కి వచ్చేవాడు. ఇంతమందిలో ఒక్కరికైనా మేం చేసింది పనికిరాదా అనుకునేవాడు.

ఆగస్టులో ఒకరోజు మధ్యాహ్నం ఇవాంజెలిన్ గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులోకి వెళ్ళింది. భోజనాల వేళ. ఒక మూల టేబుల్ దగ్గర యాభై దాటిన ఆఫీసరు ఒకాయన, టిఫిన్ డబ్బా మూత కూడా తీయకుండా, ముందర జిరాక్సు కాగితాల కట్టలు పరుచుకుని కూర్చున్నాడు. ఆమెని చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"వచ్చావా అమ్మాయ్! నీకోసమే చూస్తున్నా. ఇదిగో, ఇక్కణ్ణుంచి చదువు. కాస్త విసుగ్గా చదవాలి."

ఎందుకు చదవాలో తెలియకపోయినా, అడిగిన పెద్దాయన మొహం చూసి కాదనలేక ఆమె చదివింది: "అత్తయ్యా, ట్యాంకు నిండిందో లేదో చూడ్డానికి నేనేమన్నా పావురాన్నా, మేడమీద వాలడానికి?"

పక్క టేబుల్ దగ్గర పెరుగన్నం తింటున్నాయన కిసుక్కున నవ్వాడు. "భేష్!" అన్నాడు ఆఫీసరు. "కోడలు దొరికింది!"

"అంకుల్, నేను కరపత్రాలు ఇయ్యనీకొచ్చిన."

ఆయన ఒక్క క్షణం నోరు తెరిచి చూసి, తర్వాత తనే గట్టిగా నవ్వాడు. ఆయన పేరు అమరేశ్వరరావు. నవంబరులో నాంపల్లిలో ఉద్యోగుల నాటకపోటీలు. దానికి ఆయన 'ట్యాంకు నిండింది' అనే హాస్యనాటిక రాసి తనే ఆడిస్తున్నారు. ఒక అపార్ట్‌మెంటు, ఐదు కుటుంబాలు, ఒకటే నీళ్ళ మోటారు. ట్యాంకు నిండి నీళ్ళు మెట్లమీద పారుతుంటాయి గానీ, ఆపాల్సింది నువ్వంటే నువ్వని అందరూ పోట్లాడుకోవడమే తప్ప ఒక్కరూ లేచి వెళ్ళి ఆపరు. కోడలు పాత్రకి ఎవరో అమ్మాయిని పంపిస్తానని స్నేహితుడు మాటిచ్చాడట. ఆ అమ్మాయే వచ్చిందనుకున్నారు ఆయన.

"నటులు దొరక్కపోవడం ఒక బాధ. దొరికినవాళ్ళది ఇంకో బాధ," అని డబ్బా మూత తీస్తూ చెప్పుకొచ్చారు. "ఒకరిది కోఠిలో కాలేజీ, ఒకరిది రైల్వే, ఒకరిది ఇన్సూరెన్సు. అందరూ కలిసి రిహార్సలుకి వచ్చిన రోజు లేదు. నేనేమో ఊరుకోను, సీను మారుస్తాను. జిరాక్సు తీసి పంపిస్తాను. ఒకరి దగ్గర పాత కాపీ, ఒకరి దగ్గర కొత్త కాపీ. మొన్న మామగారు 'నీళ్ళు రాలేదేమిటే' అంటే, అత్తగారు 'పోయినవాళ్ళ గురించి ఏడ్చి ఏం లాభమండీ' అంది. ఆవిడ కాపీలో అక్కడ చావు సీనుంది!"

ఇవాంజెలిన్ నవ్వాపుకుని, చేతిలో కరపత్రం ఆయన ముందు పెట్టింది. "అంకుల్, గీ బాధకే మా దగ్గర మందున్నది."

"నువ్వు కోడలు వేషం వేస్తానంటే వాడతాను," అన్నారు అమరేశ్వరరావు.

బేరం కుదిరింది.

శ్రీపతికి ఈ సంగతి అంతగా రుచించలేదు. "మనం ఆఫీసుల కోసం చేశాం, నాటకాల కోసం కాదు," అన్నాడు. "ఆఫీసులోల్లు ఏం వాడుతున్నరు మరి? వాడనీ, జర చూద్దం," అన్నాడు ఇంద్రసేన.

నాటకం వాళ్ళు వాడటం మొదలుపెట్టారు. వాడటమంటే మామూలుగా కాదు. మధ్యాహ్నం ఒంటిగంట కాగానే అమరేశ్వరరావు బ్యాంకు పక్కన నెట్ సెంటర్లో కూర్చునేవారు. అప్పటిదాకా కలివిడిలో ఎవరైనా తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టేవాళ్ళు; రైల్వే ఆయన ఒక్క వేలితో అన్నీ క్యాపిటల్ అక్షరాల్లోనే కొట్టేవాడు, చూసేవాళ్ళకి అరుస్తున్నట్టుండేది. 'పని పూర్తయిందా?' అని కలివిడి ఇంగ్లీషులో అడిగే చోట ఒకరు "మామగారికి మీసం ఇంకా కుదరలేదు" అని రాశారు. 'గడువు' అన్న చోట "దేవుడి దయ" అని ఉంది.

ఒకరోజు ఇవాంజెలిన్ బయటికి వెళ్ళింది. ఇంద్రసేన కింద స్కూటరు బాగు చేయించుకుంటున్నాడు. ఫోను మోగింది. ఆగి మళ్ళీ మోగింది. మూడోసారికి శ్రీపతి ఎత్తక తప్పలేదు.

"కలివిడి వాళ్ళేనా? నా పేరు ప్రభావతి. కోఠిలో కాలేజీలో తెలుగు చెబుతాను. నాటకంలో అత్తగారిని. మా అమ్మాయి ఇంట్లో కంప్యూటర్లో తెలుగు రాసే ఏర్పాటు చేసింది నాయనా. పొద్దుటి నుంచీ కూర్చుని సీనంతా తెలుగులో కొట్టాను. దాచాను. మళ్ళీ తెరిచి చూస్తే పేజీ నిండా ప్రశ్నార్థకాలు. ఒక్క అక్షరం లేదు. నేను రాసింది కామెడీ. ఇక్కడ క్విజ్ కనిపిస్తోంది!"

"అదీ... మేడమ్... మా దాంట్లో తెలుగు ఇంకా..."

"నీ పేరేమిటి నాయనా?"

"శ్రీపతి అండీ."

"ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?"

"తెలుగే అండీ."

"దీనికి కలివిడి అని పేరు పెట్టిందెవరు?"

"నేనే అండీ."

"అంటే, తెలుగువాళ్ళు తెలుగు పేరు పెట్టిన దానికి తెలుగు రాదన్నమాట!"

అని ఆవిడ నవ్వింది. తిట్టే నవ్వు కాదు. క్లాసులో అల్లరి పిల్లవాడు దొరికిపోయినప్పుడు టీచర్లు నవ్వే నవ్వు. ఆ నవ్వు ఎంత గట్టిగా ఉందంటే, శ్రీపతి చెవికి ఫోను కాస్త దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది. తనకీ నవ్వొచ్చింది. నవ్వాక మాటలు కూడా వచ్చాయి. ఆవిడ కొట్టింది ఏ సీనో అడిగాడు. ఆవిడ మళ్ళీ కొట్టాల్సిన పని లేకుండా చూస్తానన్నాడు. చివరికి అది కుదరదని తేలింది, రాసిందంతా పోయింది. ఆ మాట చెప్పడానికి అతనే తిరిగి ఫోన్ చేశాడు. "పోనీలే, రెండోసారి ఇంకా బాగా రాస్తాను," అంది ప్రభావతి.

ఇంద్రసేన పైకి రాగానే శ్రీపతి అన్నాడు: "ఏడాదిలో మనిద్దరం దీంట్లో ఒక్క తెలుగు ముక్క కొట్టి చూడలేదురా."

ఇంద్రసేన ఆలోచించాడు. "ఔ రా. కొట్టలే."

అక్షరాలు దాచే పద్ధతి ఇంగ్లీషుకి సరిపోయేట్టు పెట్టారు, తెలుగు అందులో పట్టడం లేదు. మొత్తం విప్పి మళ్ళీ కట్టారు. మర్నాడు మధ్యాహ్నానికి పని అయింది. శ్రీపతి స్వయంగా ప్రభావతికి ఫోన్ చేసి, "ఇప్పుడు కొట్టండి మేడమ్," అన్నాడు. ముగ్గురూ ఒకే స్క్రీను ముందు గుమిగూడారు. కాసేపు ఏమీ లేదు. తర్వాత పేజీ దానంతటదే కదిలి, గుండ్రటి తెలుగు అక్షరాలు వరసగా వచ్చి కూర్చున్నాయి.

"ఏమండోయ్! మెట్లమీద గోదావరి పారుతోంది, చెప్పులు జాగ్రత్త!"

ఇంతలో దాని కిందే ఇంకో వరస వచ్చింది. నెట్ సెంటర్ నుంచి అమరేశ్వరరావు: "గోదావరి ఎందుకండీ? ఉన్నది హైదరాబాదులో. మూసీ అనండి."

"మూసీ అంటెనే నవ్వుతరు, కరెక్ట్," అన్నాడు ఇంద్రసేన.

ఇవాంజెలిన్ చప్పట్లు కొట్టింది. శ్రీపతి కుర్చీలో వెనక్కి వాలి, ఆ రెండు వరసలనే చూస్తూ ఉండిపోయాడు. సొంత ఇంటికి మొదటిసారి చుట్టాలొచ్చినట్టు అనిపించిందతనికి. ఆ రోజు కిందికి దిగి, ముగ్గురికీ చాయ్ తనే మోసుకొచ్చాడు.

సంతోషం ఎంతోకాలం నిలవలేదు. సెప్టెంబరులో ఒక సాయంత్రం మెట్లమీద దబదబా చప్పుడైంది. అమరేశ్వరరావు ఆయాసపడుతూ గదిలోకి వచ్చి నిలబడ్డారు.

"నా మామగారి ఉపన్యాసం మింగేసింది మీ కలివిడి! రాయడానికి ఆదివారమంతా పట్టింది. ఎక్కడుంది?"

ఏం జరిగిందో కనుక్కోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఒకే సీనుని అటు ఆయనా, ఇటు ప్రభావతీ ఒకేసారి తెరిచారు. ఆయన రాసి దాచారు. తర్వాత ఆవిడ తను రాసింది దాచింది. ఆవిడది ఆయనదాని మీద కూర్చుంది.

శ్రీపతి ఈసారి చాయ్‌కి పారిపోలేదు. కుర్చీ లాగి ఆయన్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చాడు. "తప్పు మాదేనండీ. ఉపన్యాసం మీకు గుర్తున్నంతవరకు చెప్పండి, నేను కొడతాను," అన్నాడు.

ఆయన చెప్పడం మొదలుపెట్టారు. రెండు వాక్యాలయ్యేసరికి లేచి నిలబడ్డారు. ఐదు వాక్యాలకి గది మధ్యలోకి వచ్చి చేతులు తిప్పుతూ నటించడమే మొదలుపెట్టారు. నీళ్ళు వృథా చేసే జాతి బాగుపడదని మామగారు గంభీరంగా చెబుతూ, చెబుతూనే మోటారు సంగతి మర్చిపోతాడు. శ్రీపతి కొడుతూ నవ్వాడు, నవ్వుతూ తప్పులు కొట్టాడు. చివరికి అమరేశ్వరరావు కోపం ఎటు పోయిందో ఆయనకే తెలియలేదు. "పోయినదానికన్నా ఇదే బాగుందోయ్," అని ఒప్పుకున్నారు.

ఆయన వెళ్ళాక శ్రీపతి, "ఇకనుంచి ఎవరు మార్చినా పాతది పోకుండా దాచి పెడదాం," అన్నాడు. "కానీ ఇద్దరూ ఒకేసారి రాయకుండా ఆపడం ఎలా?"

ఇవాంజెలిన్ అంది: "పళ్ళ డాక్టర్ సార్ తలుపుకు బోర్డు ఉంటుండె సార్, 'లోపల పేషంట్ ఉన్నారు' అని. అది చూస్తే ఎవ్వరు లోపలికి పోకపోతుండె."

ఆ వారంలోనే కలివిడిలో ఒక చిన్న పచ్చ పలక వచ్చింది. ఎవరైనా పేజీ మారుస్తుంటే మిగతావాళ్ళకి "ప్రభావతి గారు రాస్తున్నారు" అని కనిపిస్తుంది. దానికి నాటకం వాళ్ళలో వచ్చిన స్పందన శ్రీపతి ఊహించనిది. పలక కనిపించగానే మిగతా ఐదుగురూ కింద వరస కట్టి తొందరపెట్టేవాళ్ళు. "కానివ్వండి మేడమ్, లంచ్ అయిపోవస్తోంది." "RAILWAY WAITING LIST." ప్రభావతి పైనుంచి జవాబిచ్చేది: "ఆగండయ్యా, పప్పు తిరగమోత పెట్టి వచ్చాను, డైలాగు కూడా పెట్టనివ్వండి."

ఈ గొడవ చదవడానికి శ్రీపతి, ఇంద్రసేన రోజూ ఒంటిగంటకి డబ్బాలు తెరుచుకుని స్క్రీను ముందు కూర్చునేవాళ్ళు. అది వాళ్ళకి అలవాటైపోయింది.

అక్టోబరులో నాంపల్లి వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చింది. అక్కడ పాలన చూసే కమల గారు కలివిడి ఏమిటో చూస్తామన్నారు. పెద్ద డాక్టర్లు, నర్సింగ్ ఇన్‌ఛార్జి అందరూ ఒకచోట దొరికేది భోజనాల వేళే కాబట్టి, ఒంటిగంటకి రమ్మన్నారు. మొదటిసారి ఒక పెద్ద సంస్థ అడిగింది. శ్రీపతి ఎంతో శ్రద్ధగా ఒక నమూనా పేజీ తయారుచేశాడు. అందులో 'పని ఒకటి', 'పని రెండు', 'పని మూడు' అని రాసి పెట్టాడు.

ఆసుపత్రి మీటింగు గదిలో గోడమీద పెద్ద తెర. బల్ల చుట్టూ పదిమంది దాకా ఉన్నారు. ఇంద్రసేన, ఇవాంజెలిన్ తలుపు దగ్గర నిలబడ్డారు. కమల గారు నెరిసిన జుట్టుని గట్టిగా ముడేసుకున్న మనిషి, మొహంలో నవ్వు కనిపించదు. శ్రీపతి లేచాడు. 'పని ఒకటి' చూపించాడు. అతని గొంతు బల్ల సగం దాకా కూడా చేరలేదు. 'పని రెండు' దగ్గరికి వచ్చేసరికి ఒక డాక్టరు గారు ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టారు. శ్రీపతి తొందరపడ్డాడు. 'పని మూడు' మీద నొక్కబోయి పక్కన నొక్కాడు.

తెరమీద నాటకం పేజీ తెరుచుకుంది. పైన పచ్చ పలక: "అమరేశ్వరరావు గారు రాస్తున్నారు." అందరి కళ్ళ ముందే అక్షరాలు వచ్చి పడ్డాయి.

"కోడలు: మామయ్యగారూ, నీళ్ళు మూడో అంతస్తు దాకా వచ్చాయి. ఇంకాసేపుంటే ఓటు హక్కు అడుగుతాయి."

"సారీ అండీ, ఇది వేరే..." అని శ్రీపతి మూసేయబోయాడు.

"ఆగండి," అన్నారు కమల గారు. "అత్తగారేమంటుందో చూద్దాం."

అత్తగారు అంది. కింద రైల్వే ఆయన అభ్యంతరం చెప్పాడు. ఇన్సూరెన్సు ఆయన దాన్ని మార్చమన్నాడు. అమరేశ్వరరావు మార్చనన్నారు. ఫోన్ చూసుకుంటున్న డాక్టరు గారు తలెత్తి చదువుతూ పైకే నవ్వేశారు. నర్సింగ్ ఇన్‌ఛార్జి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఇవాంజెలిన్ మెల్లగా శ్రీపతి దగ్గరికి వచ్చి, "చెప్పుండ్రి సార్. రోజు మాకు చెప్పినట్లే చెప్పుండ్రి," అంది.

"వీళ్ళంతా ఎక్కడున్నారు ఇప్పుడు?" అని అడిగారు కమల గారు.

"ఆయన గన్‌ఫౌండ్రీలో ఉన్నారండీ. ఆవిడ కోఠిలో. ఆ పెద్దక్షరాలాయన ఇక్కడే, స్టేషన్లో," అన్నాడు శ్రీపతి. చెబుతుంటే అతని గొంతు తేరుకుంది. ప్రశ్నార్థకాల సంగతి చెప్పాడు. మింగేసిన ఉపన్యాసం సంగతి చెప్పాడు. పచ్చ పలక ఎందుకొచ్చిందో చెబుతుంటే, బల్ల చివర కూర్చున్న పళ్ళ డాక్టరు ఒకాయన "మా తలుపుకీ అదే ఉంది" అన్నాడు. ఇందులో ఇంకా ఏమేం లోపాలున్నాయో కూడా దాచకుండా చెప్పాడు. ఇంద్రసేన తన స్నేహితుణ్ణి ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"మా దగ్గర డ్యూటీ మారేటప్పుడు ఒక నర్సు చెప్పింది ఇంకో నర్సుకి సగమే చేరుతుంది," అన్నారు కమల గారు. "ఇది మాకు కావాలి. వచ్చే వారం నుంచి ఒక వార్డులో మొదలుపెట్టండి. సరే గానీ, ఆ మోటారు చివరికి ఎవరు ఆపుతారు?"

"తెలీదండీ. చివరి సీను ఇంకా రాయలేదు. దాని మీదే కొట్టుకుంటున్నారు."

గదిలో అందరూ అయ్యో అన్నారు.

వార్డు నర్సులకి కలివిడి అలవాటు చేయడానికి ఇవాంజెలిన్ వెళ్ళింది. అమరేశ్వరరావుని అడిగి, వాళ్ళని నాటకం పేజీలోకి రానిచ్చింది. ఇక్కడ తప్పులు చేసినా రోగులకేం కాదు కదా అని. నర్సులు మొహమాటంగా మొదలుపెట్టి, ఆ తర్వాత ఆగలేదు. మోటారు ఎవరు ఆపాలనే దాని మీద తలా ఒక మాట రాశారు. వాచ్‌మన్ ఆపాలని ఒకరు, కోడలే ఆపాలని ఒకరు. చివర్లో ఒక నర్సు రాసింది: "ఎవరూ ఆపరు. కరెంటు పోతుంది. అదే ఆగిపోతుంది."

తర్వాత పచ్చ పలక వెలిగింది. అమరేశ్వరరావు ఒక్కటే మాట రాశారు: "అమ్మా, నీకు దండం."

నవంబరులో నాటకం రోజు సాయంత్రం ఆరింటికే హాలు నిండిపోయింది. ముందు వరసల్లో ఆసుపత్రి వాళ్ళే పాతికమంది ఉన్నారు. కమల గారు మధ్యలో కూర్చున్నారు. శ్రీపతి పక్కన ఇవాంజెలిన్ పిన్ని మాబెల్ కూర్చుంది. నాటకాలంటే ఆమెకి అంత మంచి అభిప్రాయం లేదు. పిల్ల ఏం చేస్తుందో చూసి పోదామని చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుని కూర్చుంది.

తెర లేచింది. మూసీ మాటకి హాలు గొల్లుమంది. ఇవాంజెలిన్ నడుముకి కొంగు దోపి, "నేనేమన్నా పావురాన్నా?" అని అడిగేసరికి మాబెల్ భుజాలు కదిలాయి. మామగారి ఉపన్యాసం వచ్చేసరికి సంచి కిందపడినా ఆమె చూసుకోలేదు. శ్రీపతికి ప్రతి మాటా ముందే తెలుసు. ఏ మాట మీద ఎవరు ఎవరితో పోట్లాడారో కూడా తెలుసు. అయినా ఆ మాట మనిషి నోట్లోంచి వచ్చి, వందలమంది ఒక్కసారి నవ్వుతుంటే అతనూ మొదటిసారి విన్నట్టే నవ్వాడు.

చివరి సీను. ఐదు కుటుంబాలూ స్టేజి మీద అరుచుకుంటున్నాయి. వెనకనుంచి మోటారు చప్పుడు పెరుగుతోంది. ఒక్కసారి దీపాలన్నీ ఆరిపోయాయి. చప్పుడు ఆగింది.

నిజంగానే కరెంటు పోయిందనుకుని హాల్లో గుసగుసలు బయల్దేరాయి. ఎవరో "జనరేటర్ వెయ్యండి!" అని అరిచారు. చీకట్లోంచి ప్రభావతి గొంతు తాపీగా వినిపించింది:

"హమ్మయ్య! మోటారు ఆగిందండీ. చూశారా, మనమంతా కలిస్తే కానిదేముంది!"

హాలు పగిలిపోయేలా నవ్వులు. దీపాలు వచ్చాక కూడా ఆ నవ్వులు ఆగలేదు. ముందు వరసలో ఒక నర్సు లేచి నిలబడి ఎగురుతోంది. మిగతావాళ్ళు ఆమె వీపు చరుస్తున్నారు. కమల గారు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

హాస్యనాటికల్లో వాళ్ళదే మొదటి బహుమతి. కప్పు అందుకుని అమరేశ్వరరావు, ఆ నర్సుని స్టేజి మీదికి పిలిచి ఆమె చేతిలో పెట్టారు.

బయటికి వచ్చాక అందరూ స్టేషన్ రోడ్‌లో ఇరానీ హోటలుకి నడిచారు. నాలుగు బల్లలు కలిపి వేయించారు. ప్రభావతి శ్రీపతిని వెతుక్కుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ ఎదురెదురుగా కలుసుకోవడం అదే మొదటిసారి.

"నువ్వేనా నాయనా తెలుగు రాని తెలుగువాడివి?" అంది.

"నేర్చుకున్నానండీ."

"అయితే విను. మీ దాంట్లో అక్షరాలు మరీ చిన్నవి. నాకు చత్వారం. పెద్దవి చెయ్యాలి. ఇంకోటి, రాసినవాళ్ళ మొహం కూడా పక్కన కనిపిస్తే బాగుంటుంది. ఇంకా..."

"ఒక్క నిమిషం మేడమ్," అన్నాడు శ్రీపతి. కుర్చీ ఆవిడకి దగ్గరగా జరుపుకున్నాడు. బల్ల అవతల మాబెల్ అమరేశ్వరరావుని పట్టుకుని, "నాకు సుత అత్త వేషం వస్తది సార్, ఇంట్ల రోజు అదే పని," అంటోంది. ఇవాంజెలిన్ "పిన్నీ!" అని నెత్తి కొట్టుకుంది. ఇంద్రసేన అందరికీ ఇంకో విడత చాయ్ చెప్పాడు.

"ఊఁ, చెప్పండి," అన్నాడు శ్రీపతి ప్రభావతితో. "మొదటినుంచి చెప్పండి. నాకేం తొందర లేదు."